పూటకూళ్ళవాని బాకీ ఎవరు తీర్చాలి?



మంచి సమరయుని కథ మన సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. యాజకుడు ప్రక్కగా పోయాడు, లేవీయుడు ప్రక్కగా పోయాడు, సమరయుడు ఆగాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. ఇంతవరకు మన ప్రసంగాలలో తరచు వింటాము. ఆ తరువాతి మాట దగ్గర మాత్రం ఆగే బోధకులు తక్కువ. మరునాడు ఆ సమరయుడు రెండు దేనారములు తీసి పూటకూళ్ళవాని చేతిలో పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట కూడా ఇచ్చాడు (లూకా 10:35). అంటే గాయపడినవాడు కోలుకొని లేచేసరికి అతని తల మీద బాకీ లేదు. పూటకూళ్ళవాడూ నష్టపోలేదు.

ఇందుకు ఎదురుగా మార్కు సువార్త ఐదవ అధ్యాయంలో పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ ఉన్నది. ఆమె అనేక వైద్యుల దగ్గర తిరిగి తనకున్నదంతా ఖర్చు పెట్టింది, జబ్బు మాత్రం ముదిరింది. మార్కు ఈ సంగతిని మొహమాటం లేకుండా రాశాడు. వైద్యుడైన లూకా అదే స్త్రీ గురించి రాస్తూ కొంచెం మెత్తగా మాట్లాడాడు! వృత్తి ధర్మం కాబోలు. ఏమైనా ఆ స్త్రీ లాంటివారు మన గ్రామాలలో ప్రతి సంఘములోనూ ఉన్నారు. జబ్బు ఒకరికి వస్తుంది, అరెకరం భూమి పోయేది మాత్రం ఇల్లంతటికీ. ఆదివారం ఆరాధన తరువాత పాస్టరుగారు ఫలానా సహోదరుని ఆపరేషను కోసం ప్రత్యేక కానుక పట్టిస్తారు. పట్టినది ఆసుపత్రి వారి మొదటి రోజు బిల్లుకే సరిపోదు.

పూటకూళ్ళవాని బాకీ ఎవరు తీర్చాలి అన్న ఈ ప్రశ్న కొన్ని దేశాలలో ఎన్నికలనే తారుమారు చేసింది. అమెరికాలో నేటికీ తెగని తగాదాగా ఉన్నది. అక్కడ బిడ్డలున్న తల్లిదండ్రులు ‘సింగిల్ పేయర్’ అనే మాట వినే ఉంటారు. దాని అర్థం ఇంతే. వైద్యుడు ఎవరైనా కావచ్చు, ఆసుపత్రి ఎవరిదైనా కావచ్చు, బిల్లు మాత్రం ఒకే సంచిలోనుండి చెల్లుతుంది. ఆ సంచిని ప్రభుత్వం పట్టుకుంటుంది. అందులోని సొమ్ము పన్నుల రూపంలో అందరూ వేసినది. రోగి మంచం దగ్గర డబ్బు మాట రాదు. ఇంగ్లండులో 1948లో ప్రారంభమైన పద్ధతి దీనికంటె ఒక అడుగు ముందుకు పోయింది, అక్కడ ఆసుపత్రులు కూడా ప్రభుత్వానివే అయ్యాయి. ఒకే సంచి పద్ధతిలో అలా కాదు. డాక్టరు తన ఆసుపత్రిని తాను నడుపుకోవచ్చు, బిల్లు పంపే చిరునామా మాత్రం ఒక్కటే.

ఉత్తర అమెరికా ఖండంలో ఈ పద్ధతిని మొట్టమొదట ఒక రాష్ట్రం మొత్తానికి తెచ్చినది కెనడాలోని సస్కాచెవాన్. తెచ్చినవారిలో ముఖ్యుడు ఒక బాప్టిస్టు పాస్టరు. మన కోస్తా జిల్లాల సంఘాలకు కెనడా బాప్టిస్టులు కొత్తవారు కారు. 1874లో జాన్ మెక్‌లారిన్ దొరగారు కాకినాడకు వచ్చినది మొదలు వారు మన మధ్య పనిచేశారు. పిఠాపురం, ఆకివీడు, సోంపేట మిషను ఆసుపత్రులలో పుట్టినవారు, కన్ను బాగుచేయించుకున్నవారు ఎందరో. ఇక్కడికి వైద్యులను పంపిన ఆ బాప్టిస్టుల మధ్యనుండే వారి స్వదేశంలో వైద్యం గురించి ఇంత పెద్ద పోరాటం పుట్టిందని మనలో చాలమందికి తెలియదు. అందుకే ఈ నెల ఆ సంగతి చెప్పదలచాము.

సస్కాచెవాన్ గోధుమ పండించే రాష్ట్రం. కనుచూపు మేర చేలు, ఊరికీ ఊరికీ మధ్య చాలా దూరం, చలికాలంలో దారులు కప్పివేసే మంచు. అటువంటి చోటికి డాక్టరు రాడు, వచ్చినా నిలవడు. ఫీజు ఇవ్వడానికి రైతు చేతిలో నగదు పంట అమ్మిన నెలలోనే ఉంటుంది, జబ్బు పంట నెల చూసుకొని రాదు. 1915 ప్రాంతంలో సార్నియా అనే గ్రామీణ మునిసిపాలిటీ రైతులు, ఉన్న ఒక్క డాక్టరు వెళ్ళిపోతాడేమోనని భయపడి, తమ స్థానిక నిధిలోనుండి ఆయనకు ఏటా 1,500 డాలర్లు ఇచ్చి నిలుపుకున్నారు. మన మాటలో చెప్పాలంటే పంచాయతీ సొమ్ముతో డాక్టరుకు జీతం. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం దీనికి చట్టం చేసింది, ఇతర మునిసిపాలిటీలు కూడా అదే దారి పట్టాయి. 1939లో మాట్ ఆండర్సన్ అనే రైతు, నార్వేనుండి వలస వచ్చినవాడు, తన స్థానిక సంస్థకు అధ్యక్షుడుగా ఉండి మరొక ఏర్పాటు చేయించాడు. మనిషికి సంవత్సరానికి 5 డాలర్లు, ఇల్లంతటికీ కలిపి 50 డాలర్లకు మించకుండా ముందే కట్టాలి. తరువాత జబ్బు వచ్చినా రాకపోయినా బెంగలేదు.

ఇది మన సహోదరీలకు తెలియని లెక్క కాదు. స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం ఎత్తిపెట్టడం మన సంఘాల ఆచారం. ఎసట్లో పోయకముందే ఒక పిడికెడు విడిగా తీస్తారు. వండిన తరువాత మిగిలితే ఇద్దామనుకుంటే ఏనాడూ మిగలదు. సస్కాచెవాన్ రైతులు చేసిన పనికి మూలం అదే. రాజకీయ పార్టీల వారు వచ్చి నేర్పకముందే పల్లెలవారు తమంతట తాము మొదలుపెట్టారు. ఈ సంగతి ముఖ్యమని మా అభిప్రాయం, ఎందుకంటే తరువాతి తగాదాలో ‘ఇదంతా పైవారు మా నెత్తిన రుద్దినది’ అన్న మాట చాలా వినబడింది.

ఇక ఆ పాస్టరు సంగతి. టామీ డగ్లస్ 1904లో స్కాట్లండులో పుట్టాడు. 1910లో తల్లిదండ్రులు కెనడాలోని విన్నిపెగ్ పట్టణానికి వలస వెళ్ళారు. పిల్లవాని కాలి ఎముకకు చీము పట్టింది. కుటుంబానికి డబ్బు లేదు. ధర్మవార్డులోని వైద్యులు కాలు తీసివేయడం తప్ప మార్గం లేదన్నారు. అంతలో పేరుపొందిన ఒక శస్త్రవైద్యుడు ఆ వార్డు గుండా పోతూ చూచి, తన విద్యార్థులకు చూపించి నేర్పుకోవడానికి తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఉచితంగా చేస్తానన్నాడు. కాలు నిలిచింది. ఎవరైనా ఈ కథను ధర్మకార్యం గొప్పదనానికి సాక్ష్యంగా చెప్పుకుంటారు. ఆ పిల్లవాడు మాత్రం పెద్దవాడై దీనిని మరొక విధంగా చెప్పాడు. ధనవంతుని కొడుకైతే అటువంటి వైద్యుడు అడిగినవెంటనే వచ్చేవాడు, తనకేమో ఆయన ఆ రోజు ఆ వార్డులోకి రావడం మీద ఆధారపడింది. ఆయన రాకపోతే? పక్క మంచం మీద పిల్లవాని మాటేమిటి?

డగ్లస్ 1930లో పాస్టరుగా అభిషేకం పొంది సస్కాచెవాన్‌లోని వేబర్న్ అనే ఊరిలో కాల్వరీ బాప్టిస్టు సంఘానికి వచ్చాడు. అది మహా మాంద్యపు కాలం. దానికి తోడు ఏండ్ల తరబడి అనావృష్టి, చేల మీద మట్టి గాలికి లేచిపోయింది. గోధుమకు ధర లేదు. ఆ రోజులలో తాను ముప్పై ఏండ్ల వయస్సుగల ఇద్దరు యౌవన తండ్రులకు సమాధి ఆరాధన జరిపించినట్లు ఆయన తరువాత చెప్పుకున్నాడు. సమయానికి డాక్టరు అందక, వైద్యానికి సొమ్ము లేక చనిపోయారు. ఊరివారు మామూలు చెక్కలతో పెట్టెలు చేసి పూడ్చారు. పల్లె పాస్టర్లు ఎవరైనా ఇటువంటి సమాధి దగ్గర నిలబడి ఉంటారు. తిరిగివచ్చి ఏమి చేస్తారన్నదే ప్రశ్న. ఆయన ఎన్నికలలో నిలబడ్డాడు. 1935లో పార్లమెంటుకు, 1944లో రాష్ట్ర ప్రధానిగా, అంటే మన ముఖ్యమంత్రి వంటి పదవికి.

పాస్టరు రాజకీయాలలోకి పోవడం మంచిదా అని మా చదువరులలో కొందరు అడుగుతారు. మేము ఆ చర్చ ఈ నెల ఎత్తుకోము. ఆయనను పరిశుద్ధుల వరుసలో నిలబెట్టే ఉద్దేశం కూడా మాకు లేదు. 1933లో ఆయన రాసిన పట్టా వ్యాసంలో మందబుద్ధులని తాను ఎంచినవారికి పిల్లలు పుట్టకుండా చేయాలన్న మాట ఉన్నది. చదివితే మనస్సు చివుక్కుమంటుంది. అధికారం చేతికి వచ్చినప్పుడు ఆయన ఆ దారి తొక్కలేదు, అంతవరకు మేలు.

అధికారానికి వచ్చిన తరువాత ఆయన నడచిన తీరు గమనింపదగినది. ఆరోగ్యశాఖను తానే పెట్టుకున్నాడు. 1945లో ముందుగా వృద్ధాప్య పింఛనుదారులకు, బిడ్డలున్న విధవరాండ్రకు, అంధులకు ఉచిత వైద్యం ఇచ్చాడు. 1946లో స్విఫ్ట్ కరెంట్ అనే ఒక ప్రాంతంలో డాక్టరు ఖర్చు, ఆసుపత్రి ఖర్చు రెండూ ఉమ్మడి నిధినుండి ఇచ్చి పరీక్షించి చూశారు. 1947 జనవరి 1 నుండి రాష్ట్రమంతటా ఆసుపత్రి ఖర్చుకు బీమా వచ్చింది, మనిషికి ఏటా 5 డాలర్లు. డాక్టరు ఫీజు సంగతి మాత్రం ఇంకో పన్నెండేండ్లు ఆగింది. ఎందుకంటే సంచిలో డబ్బు లేదు. గోపురము కట్టబోయేవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం ఆ పాస్టరుకు తెలుసు గదా. 1958లో కెనడా కేంద్ర ప్రభుత్వం ఆసుపత్రి ఖర్చులో పాలు పంచుకోవడం ఆరంభించాక రాష్ట్రానికి చేయి తెరపి అయింది. 1959 డిసెంబరులో ఆయన రేడియోలో మాట్లాడి, డాక్టరు ఫీజును కూడా ఒకే సంచిలోనుండి చెల్లించే ఏర్పాటు చేస్తామని ప్రకటించాడు. అది ముందే కట్టినదై, అందరికీ చెందినదై, నాణ్యమైనదై, ప్రజలకు జవాబుదారీగల సంస్థ నడిపేదై, వైద్యం ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ సమ్మతమైనదై ఉండాలన్నాడు.

ఆ చివరి షరతు దగ్గరే చిక్కు వచ్చింది. వైద్యులు సమ్మతించలేదు.

వారి మాట కూడా న్యాయంగా వినాలి. డాక్టర్లు ధనాపేక్ష వలననే ఎదిరించారని చెప్పి తప్పించుకోవడం తేలిక. సంచి అనగానే మనకు యూదా ఇస్కరియోతు జ్ఞాపకం వస్తాడు. సంచి ఒకటే అయితే, దానిని పట్టుకున్నవాని చేయి ఎటువంటిదో అన్న భయం అందరికీ ఉంటుంది. కొనేవాడు ఒక్కడే ఉన్న యార్డులో మిరప రైతు గతి ఏమవుతుందో గుంటూరు జిల్లా వారికి మేము చెప్పనక్కరలేదు. ఈనాటి ప్రభుత్వం మంచి ధర ఇచ్చినా, రేపటి ప్రభుత్వం తగ్గిస్తే డాక్టరు ఎవరితో మొరపెట్టుకోవాలి? రోగి చెప్పుకున్న గుట్టు గుమాస్తాల చేతిలో పడదా? ఈ మందు రాయి, ఆ మందు రాయకు అని అధికారి చెప్పడా? ఇవన్నీ అడగదగిన ప్రశ్నలే. వైద్యులు బీమానే వద్దనలేదు. వారే నడిపే బీమా సంఘాలు అప్పటికే ఉన్నాయి. కట్టగలవారు వాటిలో కట్టుకుంటారు, కట్టలేని పేదవారికి ప్రభుత్వం కట్టనీ, అందరినీ బలవంతంగా ఒక సంచిలోకి లాగడమెందుకు అని వారి వాదం.

వినడానికి ఇది సమంజసంగానే ఉన్నది. డగ్లస్ దీనికి ఒప్పుకోకపోవడానికి కారణం పాస్టరుకే తోచేది. పేదవానికి మాత్రమే అంటే, పేదవాడు మొదట తాను పేదవాడనని నిరూపించుకోవాలి. కచేరీకి పోవాలి, వరుసలో నిలబడాలి, గుమాస్తా ముందు తన ఇంటి లేమిని విప్పి చూపాలి. తెల్లకార్డు కోసం తిరిగిన చదువరులకు దీని రుచి తెలుసు. కార్డు గీతకు రవంత పైన ఉన్న చిన్న రైతు అటు ధనవంతుడూ కాడు, ఇటు పేదల పట్టీలోనూ లేడు, పెద్ద జబ్బు వస్తే ముందుగా కూలిపోయేది అతడే. మరొక సంగతి కూడా ఉన్నది. పేదలకు మాత్రమే పెట్టిన ఆసుపత్రిలో ధనవంతుని కొడుకు పడుకోడు, కనుక అక్కడ పరుపు చిరిగినా పైకి వినబడదు. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవానిని, మురికి బట్టలతో వచ్చినవానిని ఒక్కచోట కూర్చుండబెట్టమని యాకోబు పత్రిక రెండవ అధ్యాయం చెప్పినది ఆరాధన స్థలము గురించి. ఆసుపత్రి వరండాకు అది వర్తించదా అన్నది ఆయన వాదన వెనుక ఉన్న ప్రశ్నగా మాకు కనబడుతున్నది.

1960 ఎన్నికలు ఈ ఒక్క విషయం మీదనే జరిగాయనవచ్చు. వైద్యుల సంఘం ఎదురుప్రచారం చేసింది, అయినా డగ్లస్ పార్టీయే గెలిచింది. 1961 నవంబరులో చట్టం ఆమోదం పొందింది. అదే నెలలో డగ్లస్ దేశస్థాయి పార్టీకి నాయకుడుగా వెళ్ళగా, ఉపాధ్యాయుడైన వుడ్రో లాయిడ్ రాష్ట్ర ప్రధాని అయ్యాడు. సంవత్సరానికి మనిషికి 12 డాలర్లు, కుటుంబానికి 24 డాలర్లు, మిగిలినది అమ్మకపు పన్ను, ఆదాయపు పన్నులనుండి. 1962 జూలై 1న పద్ధతి అమలులోకి వచ్చింది. ఆ రోజే రాష్ట్రంలోని డాక్టర్లలో అత్యధికులు తమ ఆసుపత్రులు మూసివేశారు.

ఇరవై మూడు రోజులు. కొన్ని ఆసుపత్రులలో అత్యవసర సేవలు ఉంచారు, వాటికి డబ్బు తీసుకోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. అయినా మొదటి రోజుననే తొమ్మిది నెలల పసిబిడ్డతో తల్లిదండ్రులు డాక్టరు కోసం ఊరినుండి ఊరికి కారులో తిరిగారు. బిడ్డ దారిలో చనిపోయింది. ఆ మరణాన్ని ఇరుపక్షాలవారూ ఎదుటివారి తల మీద వేశారు. తల్లుల కమిటీలు పుట్టాయి, ‘మా డాక్టర్లు మాకు కావాలి’ అని ఊరేగింపులు. క్రైస్తవులు ఒక పక్క లేరు. కొత్త పద్ధతిని కలగన్నవాడు బాప్టిస్టు పాస్టరు. దానికి వ్యతిరేకంగా అందరికంటె తీవ్రంగా మాట్లాడినవారిలో ఒకరు ఆథల్ మర్రే అనే కథోలిక ఫాదరుగారు. జూలై 11న రాజధాని రెజైనాలో శాసనసభ ఎదుట మహాసభ పెట్టారు. పదుల వేలు వస్తారనుకుంటే సుమారు అయిదు వేలమందే వచ్చారు. అక్కడినుండి ఉద్యమం సడలింది. ప్రభుత్వం ఇంగ్లండునుండి డాక్టర్లను రప్పించింది. పల్లెలలో, పట్టణాలలో ప్రజలు తామే కూడి సహకార వైద్యశాలలు పెట్టుకున్నారు. చివరకు ఇంగ్లండునుండి వచ్చిన లార్డ్ టేలర్ అనే ఆయన, తానూ డాక్టరే, ఇరువర్గాల మధ్య రాయబారం నడిపాడు. జూలై 23న సస్కటూన్ పట్టణంలో ఒప్పందం కుదిరింది.

ఆ ఒప్పందంలో ఎవరూ పూర్తిగా గెలవలేదు, అదే దాని బలం. సంచి ఒకటే అని వైద్యులు ఒప్పుకున్నారు. జీతగాళ్ళుగా కాక, చేసిన పనికి ఫీజు తీసుకొనే స్వతంత్రులుగానే వారు ఉంటారని, ఇష్టం లేనివారు పద్ధతికి బయట ఉండవచ్చునని ప్రభుత్వం ఒప్పుకున్నది. పారిపోతారనుకున్న వైద్యులలో చాలమంది ఉండిపోయారు. వారి ఆదాయం తగ్గలేదు సరిగదా పెరిగింది. ఏమంటే, అంతవరకు పల్లె డాక్టరుకు రావలసిన ఫీజులలో వసూలు కానివే ఎక్కువ. కోడిపెట్టలు, కట్టెలు తీసుకొని సరిపెట్టుకున్న డాక్టర్లున్నారు. ఇప్పుడు ప్రతి బిల్లూ చెల్లుతోంది. మన కథలోని పూటకూళ్ళవానిలాగు.

రాజకీయంగా మాత్రం ఆ పార్టీ వారు మూల్యం చెల్లించారు. 1962 జూన్‌లో డగ్లస్ రెజైనాలో తన సొంతవారి మధ్యనే పార్లమెంటు ఎన్నికలో ఓడిపోయాడు. 1964లో లాయిడ్ ప్రభుత్వం కూలిపోయింది. గెలిచి వచ్చిన ప్రత్యర్థులు ఆ పద్ధతిని రద్దు చేశారా? లేదు. రెండేండ్లలో జనానికి అలవాటైపోయింది, ముట్టుకొనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అదే 1964లో జస్టిస్ ఎమ్మెట్ హాల్ అధ్యక్షతను గల కమిషను దేశమంతటా ఇటువంటిదే కావాలని నివేదిక ఇచ్చింది. కమిషనును వేసినది డగ్లస్ పార్టీవారు కారు, వేరొక పార్టీ ప్రధానమంత్రి. 1966లో మూడవ పార్టీ ప్రభుత్వం చట్టం చేసింది. 1970ల ఆరంభానికి కెనడా రాష్ట్రాలన్నిటిలోనూ అమలైంది. 1984లో మరొక చట్టం వచ్చి, డాక్టరు రోగిదగ్గర పైగా వసూలు చేయడాన్ని అరికట్టింది. 2004లో కెనడా టెలివిజను వారు దేశమంతటిలో గొప్పవాడెవరని ఓట్లడిగితే జనం టామీ డగ్లస్‌ను ఎన్నుకున్నారు. ఆయన అప్పటికి చనిపోయి పద్దెనిమిదేండ్లు.

ఇంతవరకు చదివి, కెనడాలో పరలోకరాజ్యం వచ్చేసిందని ఎవరూ అనుకోవద్దు. అక్కడ కొన్ని ఆపరేషన్లకు, నిపుణుల దర్శనానికి నెలలు కాచుకోవాలి. లక్షలాది మందికి కుటుంబ వైద్యుడు దొరకడం లేదు. ఆసుపత్రి బయట కొనే మందులు, పళ్ళ వైద్యం మొదటినుండి సంచిలో చేరలేదు. ఇటీవలనే, 2023, 2024 సంవత్సరాలలో, కొందరికి పళ్ళ వైద్యం, కొన్ని మందులు చేర్చే ఏర్పాట్లు మొదలైనాయి. 1993లోనైతే, ఏ సస్కాచెవాన్ ఈ పద్ధతికి పుట్టినిల్లో అక్కడనే, ఏ పార్టీ దీనిని తెచ్చిందో దాని వారసులే, రాష్ట్రం అప్పుల పాలైనదని 52 చిన్న గ్రామీణ ఆసుపత్రులకు నిధులు ఆపివేశారు. బిల్లు చెల్లించేవారున్నారు, కాని పల్లెలో ఆసుపత్రి లేదు. సంచి పట్టుకున్నవాని చేయి గురించి వైద్యులు అడిగిన ప్రశ్నకు ఇదొక జవాబు. ప్రక్కదేశంలో వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం 2011లో ఒకే సంచి పద్ధతికి చట్టం చేసుకొని, ఎంత పన్ను వేయాలో లెక్క తేలిన తరువాత 2014లో వెనుకకు తగ్గింది. యజమానుల మీద జీతాల మొత్తంలో 11.5 శాతం పన్ను వేయవలసి వచ్చేది. జనం ఇప్పటికే బీమా కంపెనీలకు అంతకంటె తక్కువేమీ కట్టడం లేదని సమర్థించేవారన్నారు. కాని కంపెనీకి కట్టేది జీతంలో కనబడకుండా పోతుంది, పన్ను కనబడుతుంది. అమెరికా కాంగ్రెసులో 2003నుండి ఇటువంటి బిల్లులు పలుమార్లు వచ్చాయి, ఒక్కటీ చట్టం కాలేదు. విచిత్రమేమంటే అరవై ఐదు ఏండ్లు దాటినవారికి 1965 చట్టంతో వచ్చిన మెడికేర్ చాలమేరకు ఇటువంటిదే. దానిని తీసివేస్తామంటే ఏ పార్టీవాడూ గెలవడు.

ఇక్కడ ఒక ఉపయోగకరమైన మాట. కెనడాలో వైద్యం ఉచితమట గదా అని, బిడ్డల దగ్గరకు పోతూ ధైర్యంగా ఉండే పెద్దలున్నారు. ఆ సంచి అక్కడ నివాసమున్నవారిది, చుట్టపుచూపుగా వెళ్ళినవారికి చెందదు. సూపర్ వీసా మీద వెళ్ళే తల్లిదండ్రులు కనీసం లక్ష డాలర్లకు, ఒక సంవత్సరానికి ప్రైవేటు బీమా చూపించాలి. బి.పి., షుగరు ఉన్నవారు ఆ సంగతి దాచకుండా రాసి, ఏ జబ్బుకు వర్తిస్తుందో, దేనికి వర్తించదో చదివించుకొని సంతకం పెట్టండి.

మన సంగతికి వస్తే, 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైనప్పుడు ఆ తలుపు కొంచెం తెరుచుకున్నది. ఆసుపత్రి ప్రైవేటుదైనా బిల్లు ప్రభుత్వం చెల్లించింది. ఆ తరువాత రెండు రాష్ట్రాలలోనూ పేర్లు మారాయి, పరిమితులు పెరిగాయి. గుండె ఆపరేషను చేయించుకొని మన మధ్య సాక్ష్యం చెప్పినవారున్నారు, మేము దేవుని స్తుతించాము. అయినా ఇది ఇంకా కార్డు చూపించే పద్ధతే. పెద్ద ఆపరేషనుకు దొరికే సహాయం నెలనెలా కొనే షుగరు మాత్రలకు దొరకదు. కుటుంబాన్ని మెల్లగా తినివేసేది ఆ మాత్రలే, పరీక్షలే, బస్సు చార్జీలే. ప్రభుత్వం బాకీలు చెల్లించడంలో ఆలస్యం చేస్తున్నదని ఆసుపత్రులవారు సేవలు ఆపుతామని హెచ్చరించిన సందర్భాలు కూడా చూశాము. సమరయుడు తిరిగి వచ్చి తీరుస్తానన్న మాట తప్పితే పూటకూళ్ళవాడు రెండవసారి తలుపు తీయడు గదా.

మేమైతే డగ్లస్ పక్షానికే మొగ్గుతాము. పన్ను కనబడుతుంది, నిజమే. అరెకరం అమ్మినది కూడా కనబడుతుంది, అది రిజిస్ట్రారు కచేరీలో నమోదవుతుంది. అయితే వైద్యులతో కూర్చుండి మాట్లాడకుండా, ఖజానా లెక్క చూసుకోకుండా తొందరపడితే పల్లెవానికే మొదట దెబ్బ తగులుతుందని కూడా 1962, 1993 సంవత్సరాలు రెండూ చూపుతున్నాయి. దీనిని ఒప్పుకోని చదువరులు, ముఖ్యంగా మన సంఘాలలోని డాక్టర్లు, నర్సమ్మలు, మాకు రాయవలసిందిగా కోరుతున్నాము. వచ్చిన ఉత్తరాలలో వీలైనన్ని ఈ శీర్షికలోనే ప్రచురిస్తాము. ఓట్ల కాలంలో మన పేటలకు వచ్చినవారిని రోడ్డు అడుగుతాము, మంచినీళ్ళ పంపు అడుగుతాము, సమాధుల దొడ్డికి స్థలం కూడా అడుగుతాము. నెలనెలా మందుల బిల్లు సంగతి అడిగిన సంఘం ఏదైనా ఉంటే, వారు ఏమని అడిగారో, ఏమని జవాబు వచ్చిందో అదీ రాసి పంపండి.